ఎవరో, ఎవరైనా, ఎవరూ: రెండు భాషల పిల్లలకి ఇంగ్లీష్ ప్రొనౌన్లు చెప్పేటప్పుడు

ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లల ఇంగ్లీష్ పాడవుతుందని భయపడే తల్లిదండ్రులు బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళలో చాలామందే ఉన్నారు. పిల్లాడు రాసిన వ్యాసంలో 'ఎవ్రీవన్ హ్యావ్' దగ్గర టీచర్ గీత గీసి పంపిందంటే చాలు, ఆ సాయంత్రం నుంచే ఇంట్లో తెలుగు బంద్. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ తప్పు తెలుగు నుంచే వచ్చి ఉండొచ్చు, ఒప్పుకుంటాను, కానీ దాన్ని పిల్లాడికి అర్థమయ్యేలా విప్పి చెప్పడానికి మన దగ్గరున్న మంచి సాధనం కూడా ఆ తెలుగే. ముఖ్యంగా ఈ ఇండెఫినిట్ ప్రొనౌన్ల విషయంలో, అంటే సమ్‌వన్, ఎనీబడీ, నథింగ్, ఈచ్, నన్ లాంటి, ఫలానా అని తేల్చకుండా మనుషుల్నీ వస్తువుల్నీ చెప్పే మాటల విషయంలో, రెండు భాషలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలు పట్టుకున్నంత త్వరగా రూల్స్ బట్టీ పట్టిస్తే పట్టుకోరు.

'ఎవ్రీవన్ హ్యావ్' ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. మనం 'ప్రతి ఒక్కరూ వచ్చారు' అంటాం, 'ఎవరో వచ్చారు' అంటాం. తలుపు కొట్టింది ఒక్క మనిషేనని తెలిసినా 'ఎవరో వచ్చారు' అనే అంటాం. 'ఎవడో వచ్చాడు' అనడానికి భాషలో వీలుంది గానీ పిల్లల ముందు అలా అనం కదా. అంటే ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా మన క్రియ ముందే మర్యాద ఇచ్చి బహువచనంలోకి వెళ్ళిపోతుంది. ఆ వరస చెవిలో పడ్డ పిల్లాడికి ఎవ్రీవన్ పక్కన హాజ్ అంటే ఎబ్బెట్టుగానే ఉంటుంది. వాడు ఆలోచించే ఆ తప్పు చేశాడు, ముందు ఆ మాట వాడితో చెప్పండి. తర్వాత దిద్దండి.

దిద్దేటప్పుడు మా ఇంట్లో నేను చెప్పేది, మాట చివర చూడమని. వన్, బాడీ, థింగ్ అని ముగిసిందంటే ఏకవచన క్రియే. ఎవ్రీవన్ ఈజ్, నోబడీ నోస్, సమ్‌థింగ్ హ్యాపెన్స్. వెయ్యిమంది కూర్చున్న హాలు గురించి చెప్తున్నా ఎవ్రీవన్ ఈజ్ హియర్ అనాల్సిందే, ఎందుకంటే ఆ మాట గుంపుని ఒక్కొక్కరుగా చూస్తుంది. ఈచ్, ఐదర్, నైదర్ కూడా ఈ జట్టులోవే. బోత్, ఫ్యూ, మెనీ, సెవరల్ ఎప్పుడూ బహువచనం, వీటితో పిల్లలకి పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆల్, సమ్, మోస్ట్, ఎనీ మాత్రం దేని గురించి మాట్లాడుతున్నామో దాన్ని బట్టి మారతాయి: సమ్ ఆఫ్ ద వాటర్ ఈజ్, కానీ సమ్ ఆఫ్ ద చిల్డ్రన్ ఆర్. ఇక నన్ ఎప్పుడూ ఏకవచనమేనని మన తరానికి చాలా చోట్ల స్కూల్లో చెప్పారు. నన్ ఆఫ్ ద స్టూడెంట్స్ ఆర్ అనడం కూడా శతాబ్దాలుగా ఇంగ్లీష్‌లో ఉన్నదే, రెండూ సరైనవే, దీని కోసం పిల్లల హోంవర్క్ మీద ఎర్ర గీతలు పెట్టకండి. స్పెల్లింగ్‌లో ఒక్కటి గుర్తు చేస్తే సరిపోతుంది: సమ్‌వన్, ఎనీవన్, ఎవ్రీవన్ కలిపి రాస్తారు, నో వన్ మాత్రం విడదీసి రెండు మాటలుగా రాస్తారు.

అసలు కష్టమంతా మధ్యలో ఆఫ్ వచ్చినప్పుడు. ఈచ్ ఆఫ్ ద బాయ్స్ హాజ్ అ బ్యాగ్ అనాలి. కానీ క్రియ పక్కనే బాయ్స్ కూర్చుని ఉంటుంది, దాన్ని చూసి చెయ్యి హ్యావ్ అని రాసేస్తుంది. ఇంగ్లీష్ తప్ప ఇంకో భాష రాని పిల్లలు కూడా ఇక్కడ తప్పులో కాలేస్తారు కాబట్టి దీనికి తెలుగుని తిట్టి లాభం లేదు. మా అబ్బాయిని ఆ వాక్యంలో 'ఆఫ్ ద బాయ్స్' అన్నంత మేరా వేలితో మూసి పైకి చదవమన్నాను. ఈచ్ అన్నాడు, వేలు దాటి హ్యావ్ అన్నాడు, ఆగాడు, మొహం చిట్లించి రబ్బరు వెతుక్కున్నాడు. ఇప్పుడు వాడి చెల్లి కూడా వేలు పెట్టి మూసే చదువుతోంది.

ఇదే కోవలో పెద్దవాళ్ళ మాటల్లో, ఆఫీసు మెయిల్స్‌లో కూడా తరచూ దొర్లే తప్పొకటి ఉంది, 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్'. 'నా ఫ్రెండ్ ఒకడు' అని తెలుగులో అనుకుని రాస్తే ఇలాగే వస్తుంది, అక్కడ మనకి బహువచనం అక్కర్లేదు మరి. ఇంగ్లీష్‌లో చాలామందిలోంచి ఒకరిని పైకి తీస్తున్నాం కాబట్టి ఫ్రెండ్స్ అనాలి, క్రియ మాత్రం మళ్ళీ ఆ వన్‌కి తగ్గట్టు ఈజ్ అవుతుంది. పిల్లలు ఈ మాట మన నోటి నుంచే నేర్చుకుంటారు, అందుకే చెప్తున్నాను.

'దెయిర్' గొడవ వేరే. మా నాన్నగారు మా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు పిల్లల హోంవర్క్ శ్రద్ధగా చూసేవారు. మా అమ్మాయి 'ఎవ్రీవన్ మస్ట్ బ్రింగ్ దెయిర్ బుక్' అని రాస్తే, ఎవ్రీవన్ ఏకవచనం కదా, దెయిర్ ఎలా వస్తుందని దాన్ని హిజ్ అని మార్చారు. "తాతయ్యా, మరి నేను తెచ్చుకోనక్కర్లేదా?" అని అడిగింది అది. చాలా న్యాయమైన ప్రశ్న. తాతయ్య చదువుకున్న గ్రామర్ పుస్తకంలో హిజ్ అనే ఉండేది, దాని మీద ఆయనకి పట్టుదల ఉండటం సహజం. ఒక్క మనిషి గురించి దే, దెయిర్ వాడటం ఇంగ్లీష్‌లో 14వ శతాబ్దం నుంచీ ఉంది. తర్వాత వ్యాకరణాలు రాసినవాళ్ళు అది తప్పన్నారు, 1850లో బ్రిటిష్ పార్లమెంటు అయితే చట్టాల్లో పుంలింగ పదాలు వాడినా స్త్రీలకూ వర్తిస్తాయని ఏకంగా ఒక చట్టమే చేసింది. మామూలు జనం మాత్రం దెయిర్ వదల్లేదు. 2019లో వచ్చిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం (ఏపీఏ) స్టైల్ మాన్యువల్ ఏడో ఎడిషన్ దీన్ని పరిశోధన వ్యాసాల్లో కూడా వాడమంటోంది, అదే ఏడాది మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ఏడాది పదంగా దే అన్న మాటనే ఎంచుకుంది. ఇవన్నీ చెప్పినా మా నాన్నగారు పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, "మనం ప్రతి ఒక్కరూ తమ పుస్తకం తెచ్చుకోవాలి అంటాం కదా నాన్నా, ఆ తమలో ఆడా మగా ఉందా?" అని అడిగితే కాసేపు ఆలోచించి పెన్ను పక్కన పెట్టారు. ఇంట్లో మూడు తరాలు ఉంటే గ్రామర్ కూడా మూడు రకాలుగా ఉంటుంది, పిల్లల ముందు ఎవరి చదువునీ తక్కువ చేయకుండా ఈ మార్పు వివరించాలన్నదే నా పట్టుదల.

ఎనీ, నో దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే తెలుగు ఇల్లు అని తెలిసిపోయే తప్పు ఇక్కడే దొరుకుతుంది: 'ఎనీబడీ డిడ్ నాట్ కమ్'. 'ఎవరూ రాలేదు' అన్నదానికి మాటకి మాట పెడితే వచ్చే వాక్యం. తెలుగులో 'ఎవరూ' అన్న మాటలో లేదు అన్న అర్థం లేదు, అదంతా చివర క్రియలో ఉంటుంది. వాక్యం చివరికి వస్తే గానీ ఆ లేదు అన్న మాట వినిపించదు. ఇంగ్లీష్ అంతసేపు ఆగదు. లేదు అని చెప్పే వాక్యంలో ఎనీ అనే ముందే నాట్ వినిపించి తీరాలి: ఐ డిడ్ నాట్ సీ ఎనీబడీ బాగానే ఉంటుంది, ఎందుకంటే నాట్ ముందొచ్చేసింది. కర్త స్థానంలో దానికి ముందు చోటు లేదు కాబట్టి ఆ లేదుని మాటలోనే కలిపేసి నోబడీ కేమ్ అంటారు. ఇలా చెప్తే తొమ్మిది పదేళ్ళ పిల్లలకి కూడా ఇట్టే ఎక్కుతుంది, నేను చూశాను. చాలామంది టీచర్లకి ఈ వివరణ ఇచ్చే అవకాశమే ఉండదు, పాపం వాళ్ళకి తెలుగు రాదు. మనకి వచ్చు.

అలా నోబడీ నేర్చుకున్న కొత్తలో కొందరు 'నోబడీ డిడ్ నాట్ కమ్' అంటారు, లేదు అన్నది క్రియలో కూడా ఉండాలన్న తెలుగు అలవాటు పోదు కదా. ఇంగ్లీష్‌లో కూడా ఒకప్పుడు ఇలా రెండు మూడు నెగెటివ్‌లు వరసగా పెట్టేవాళ్ళు, 14వ శతాబ్దపు కవి చాసర్ కాలంలో అది మామూలు సంగతి. 18వ శతాబ్దంలో రాబర్ట్ లౌత్ తన ఇంగ్లీష్ వ్యాకరణంలో రెండు నెగెటివ్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని రాశాడు, బడుల్లో ఆ సూత్రమే స్థిరపడింది. ఆటస్థలంలో ఫ్రెండ్స్ 'ఐ డిడెంట్ డూ నథింగ్' అనడం మీ పిల్లలు వింటారు, అది వాళ్ళ ఇళ్ళలో మాట్లాడే ఇంగ్లీష్, దాన్ని వెక్కిరించకూడదని చెప్పండి. వ్యాసంలో మాత్రం ఒక్క నెగెటివ్ చాలు.

తెలుగు వల్ల ఇంగ్లీష్‌కి వచ్చే తిప్పల గురించి ఇంతసేపు చెప్పాను, కానీ రోజులు గడిచేకొద్దీ మన ఇళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. మా అమ్మాయి ఒకసారి ఫోన్‌లో, "అమ్మమ్మా, అన్నీ వచ్చారా?" అని అడిగింది. "ఏవమ్మా? నేనేం తెప్పించలేదే" అంది మా అమ్మ అయోమయంగా. పిల్ల ఉద్దేశం చుట్టాలందరూ వచ్చారా అని. ఇంగ్లీష్‌లో మనుషులకీ వస్తువులకీ ఒకటే ఆల్, తెలుగులో మనుషులైతే అందరూ, మిగతావి అన్నీ. అక్కడి నుంచే 'కొన్ని పిల్లలు', 'రెండు అక్కలు' కూడా వస్తాయి. ఇంగ్లీష్ తప్పుకి టీచర్ గీత గీస్తుంది, ఈ తప్పుకి గీత గీసేవాళ్ళు ఇంట్లో మనం తప్ప ఇంకెవరూ లేరు. ముద్దుగా ఉందని వదిలేస్తే పదిహేనేళ్ళొచ్చేసరికి పిల్లలకే సిగ్గనిపించి తెలుగు మాట్లాడటం మానేస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. నవ్వకుండా, 'అందరూ వచ్చారా' అని సరైన మాట మనమొకసారి పైకి అనేసి సంభాషణ కొనసాగిస్తే చాలు.

ఎవరో, ఎవరైనా తేడా కూడా ఇలాంటిదే. "ఎవరో నాకు హెల్ప్ చేయండి!" అని మెట్ల మీంచి అరుస్తాడు మావాడు, ఎందుకంటే వాడి బుర్రలో ఉన్నది సమ్‌వన్. వచ్చిన మనిషి ఉన్నాడు, పేరే తెలియదు, అప్పుడు ఎవరో. మనిషే ఇంకా తేలలేదు, ఎవరు వచ్చినా పర్లేదు, అప్పుడు ఎవరైనా. ఈ తేడా తెలిసిన పిల్లలకి ఎనీవన్ కెన్ కమ్ అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు. ఫ్యూకీ అ ఫ్యూకీ తేడా కూడా అంతే, 'కొద్దిమందే వచ్చారు', 'కొద్దిమంది వచ్చారు' అని రెండూ పలికి చూపించండి. ఆ చిన్న 'ఏ' ఎంత నిరాశ మోస్తోందో వాళ్ళ చెవికే తెలుస్తుంది.

గ్రామర్ పేపర్‌లో మార్కు పోయినా పర్లేదు గానీ, మాట్లాడేటప్పుడు నిజంగా ఇబ్బంది తెచ్చేది ఒకటుంది, అవును కాదుల సంగతి. 'ఎవరూ రాలేదా?' అంటే మనం 'అవును, ఎవరూ రాలేదు' అంటాం, అడిగిన మాట నిజమేనని ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీష్‌లో అదే జవాబు నోతో మొదలవ్వాలి: నో, నోబడీ కేమ్. కొత్తగా వచ్చి చేరిన పిల్లని టీచర్ 'డిడెంట్ ఎనీవన్ హెల్ప్ యూ?' అని అడిగితే, ఎవరూ చేయలేదన్న ఉద్దేశంతో యెస్ అని తలూపుతుంది, టీచర్ ఎవరో చేశారనుకుని వెళ్ళిపోతుంది, పిల్ల అలాగే ఒంటరిగా కూర్చుంటుంది. అందుకని మధ్యలో స్కూలు మారి వస్తున్న పిల్లలున్నవాళ్ళు నన్ను అడిగితే ముందు ఇదే చెప్తాను: యెస్ నోలతో ఆపొద్దని, 'నోబడీ హెల్ప్డ్ మీ' అని మొత్తం వాక్యం అనమని మొదటి రోజు స్కూలుకి పంపేముందే రెండుసార్లు పలికించండి.