డేటన్‌లో రేడియల్ ఇంజిన్ల ముందు

ఒహాయోలోని డేటన్ రైట్ సోదరుల ఊరు. నేను వెళ్లింది మాత్రం అక్కడి అమెరికా వైమానిక దళ మ్యూజియంలో పాత రేడియల్ ఇంజిన్లను, అంటే సిలిండర్లు నక్షత్రంలా గుండ్రంగా అమర్చిన విమాన ఇంజిన్లను, కళ్లారా చూడాలని.

రెండో ప్రపంచ యుద్ధం విభాగంలో ‘మెంఫిస్ బెల్’ బీ-17 బాంబర్ దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. ప్రొపెల్లర్ వెనక రైట్ సైక్లోన్ ఇంజిన్ కనిపిస్తోంది. మధ్యలో క్రాంక్‌కేసు (ప్రొపెల్లర్‌ను తిప్పే క్రాంక్ ఇరుసు ఉండే పెట్టె), చుట్టూ 9 సిలిండర్లు, ఒక్కోదాని ఒంటినిండా పలచటి లోహపు రెక్కలు. దాదాపు 30 లీటర్ల ఇంజిన్, 1,200 హార్స్‌పవర్. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. వేడినంతా ఆ రెక్కల సందుల్లో దూరే గాలే లాక్కుపోవాలి.

వరుసకు సిలిండర్లు బేసి సంఖ్యలోనే ఎందుకుంటాయో అక్కడ నిలబడి లెక్కపెడితే తేలిగ్గా అర్థమవుతుంది. ఇది ఫోర్ స్ట్రోక్, అంటే పిస్టన్ నాలుగు కదలికలకు ఒకసారి ఇంధనం మండే ఇంజిన్, కాబట్టి క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒకసారి మండుతుంది. ఒకటి వదిలి ఒకటి చొప్పున 1, 3, 5, 7, 9 అయ్యాక వరుస దానంతటదే 2, 4, 6, 8కి వచ్చేస్తుంది. సరి సంఖ్యయితే ఈ లయ కుదరదు. ఎంత అందమైన ఆలోచన!

వేడిని జయించే పనిలో కొంత ఈ ఊళ్లోనే జరిగింది. 1920లలో ఇక్కడి సైనిక విమాన ప్రయోగ కేంద్రం మెకుక్ ఫీల్డ్‌లో శామ్ హెరాన్ అనే ఇంజినీరు మండిన వాయువుల్ని బయటికి వదిలే బోలు ఎగ్జాస్ట్ వాల్వులో సోడియం నింపే పద్ధతి మీద పనిచేశాడు. కరిగిన సోడియం పైకీ కిందికీ ఊగుతూ వాల్వు తలలోని వేడిని కాడలోకి దింపేస్తుంది. 1927లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన పైలట్ లిండ్‌బర్గ్‌ను 33 గంటలకు పైగా ఆగకుండా మోసిన వర్ల్‌విండ్ జె-5 ఇంజిన్ సిలిండర్లలోనూ ఆయన చేయి ఉంది.

నాగసాకి మీద అణుబాంబు వేసిన ‘బాక్స్‌కార్’ బీ-29 కూడా ఈ మ్యూజియంలోనే ఉంది. దాని ఆర్-3350 ఇంజిన్లలో రెండు వరుసల్లో 18 సిలిండర్లు, 2,200 హార్స్‌పవర్. వెనక వరుసకు గాలి చాలేది కాదు. మంటలు లేస్తే మెగ్నీషియం భాగాలు కూడా అంటుకునేవి. 1943 ఫిబ్రవరి 18న ఒక నమూనా విమానంలో ఇంజిన్ మంటలు రేగి, టెస్ట్ పైలట్ ఎడ్డీ ఆలెన్‌తో పాటు లోపలున్న అందరూ చనిపోయారు. ఆ సంగతి తెలిశాక దాన్ని వట్టి యంత్రంలా చూడలేకపోయాను.

చివరగా భారీ బీ-36 బాంబర్. ఆరు ఆర్-4360 ఇంజిన్లు, ఒక్కోదానిలో నాలుగు వరుసల్లో 28 సిలిండర్లు. వెనక వాటికీ గాలి అందాలని వరుసల్ని కొద్దికొద్దిగా మెలితిప్పినట్టు అమర్చారు. సిలిండర్‌కు రెండు చొప్పున విమానం మొత్తానికి 336 స్పార్క్ ప్లగ్గులు. విమానం రెక్కల కిందే నాలుగు జెట్ ఇంజిన్లు కూడా వేలాడుతున్నాయి.