గచ్చిబౌలి గ్యాలరీలు ఎందుకు నిండలేదు

2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చాడు. అసలు సిసలు మ్యాచ్ కూడా కాదది. అయినా జనం వేల రూపాయలు పోసి టికెట్లు కొన్నారు. అదే ఏడాది గచ్చిబౌలిలో ఆడే మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఊళ్లో చాలామందికి ఆ సంగతే తెలియదు.

దీనికి అందరూ చెప్పే కారణం ఒకటుంది: మనవాళ్లకు క్రికెట్ తప్ప ఇంకేం పట్టదని. మరి 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిదే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చాడు. కాబట్టి ఆట మన ఊరికి కొత్తేం కాదు. స్టేడియానికి వెళ్లడం ఒక అలవాటు. అది పడాలంటే ఒకే చోటు, ఒకే వేళ, తెలిసిన ముఖాలు కావాలి. మన లీగ్ ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్నీ కుదురుగా ఉండనివ్వలేదు.

మన లీగ్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్), 2014లో మొదలైనప్పుడు ఒక్కో మ్యాచ్‌కు సగటున 26 వేల చిల్లర జనం వచ్చారు. డెల్ పియరో, పిరెస్, ట్రెజెగే, యుంగ్‌బెర్గ్ లాంటి పెద్ద విదేశీ ఆటగాళ్ల పేర్లు, రెండు నెలల చిల్లరలో ముగిసే సీజన్. ఐదో సీజన్ నాటికి ఆ సగటు దాదాపు సగానికి పడిపోయింది. పేరును చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ పేరు వెళ్లిపోగానే వెళ్లిపోతారు. 2018 జూన్‌లో ముంబైలో భారత జట్టు మ్యాచ్‌కు రెండున్నర వేల మందే వస్తే, కెప్టెన్ సునీల్ ఛెత్రీ వీడియో పెట్టి బతిమాలాడు. తర్వాతి మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. మంచిదే. కానీ పదిహేను రోజులకోసారి, ఆరు నెలల పాటు వీడియోలు పెట్టి బతిమాలలేం కదా.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ దీనికంటే విచిత్రం. పుణె సిటీ క్లబ్ స్థానంలో 2019లో వచ్చి, తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చి జట్టును నిలబెట్టాడు. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో ఓడించి కప్పు కొట్టింది. ఆ సీజన్‌లో ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ వేశాడు. అయితే కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ పూర్తిగా గోవాలోనే, ఈ 2022 ఫైనల్ తప్ప మిగతావన్నీ ఖాళీ గ్యాలరీల ముందే జరిగాయి. అంటే ఈ ఊరి జట్టు ఎదిగిన కాలమంతా ఈ ఊరివాళ్లు దాన్ని టీవీలోనే చూశారు. దాదాపు రెండున్నరేళ్ల తర్వాత గచ్చిబౌలికి తిరిగొచ్చి 2022-23లో రెండో స్థానంలో నిలిచింది. జనం అప్పుడప్పుడే కూడుకుంటున్నారు. మరుసటి సీజన్‌కే జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతే కుర్రాళ్లతో 22 మ్యాచ్‌లు లాగించి, గెలిచింది ఒక్కటే. డెక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందం వాళ్లు అప్పుడూ పసుపు జెర్సీలేసుకుని వచ్చారు. వాళ్లను చూసి మిగతావాళ్లకు కూడా రావాలనిపించడానికి ఇంకో రెండు మామూలు సీజన్లు దొరికి ఉంటే సరిపోయేది.

ఇక స్టేడియం సంగతి. దీని గురించి ఎవరూ లెక్క వేసి మాట్లాడరు గానీ, లెక్క చాలా తేలిక. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టింది, చుట్టూ 400 మీటర్ల ట్రాక్. ప్రామాణిక ట్రాక్ లోపలి పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 157 మీటర్లు. ఫుట్‌బాల్ మైదానం 105. మిగిలిన 52లో సగం, 26 మీటర్లు, ఒక్కో గోల్ వెనక ఖాళీ. దానిమీద ఎనిమిది లేన్లు, ఒక్కోటి 1.22 మీటర్లు. మొత్తం కలిపితే గోల్ లైన్‌కు 36 మీటర్ల అవతల గానీ మొదటి కుర్చీ ఉండదు. పెనాల్టీ బాక్స్ లోతే 16.5 మీటర్లు. అవతలి గోల్ ముందు ఏం జరిగిందో తెలియాలంటే పక్కవాణ్ని అడగాలి, లేదా ఫోన్లో చూసుకోవాలి. పక్క స్టాండ్లలో మాత్రం మైదానం పక్క గీత (టచ్‌లైన్) నుంచి ట్రాక్ దాటేసరికి 12 మీటర్లే. అందుకే ముందు పక్క స్టాండ్లే అమ్మాలి. గోల్ వెనక గ్యాలరీలు అవి నిండితేనే తెరవాలి.

ఇక్కడ క్లబ్బులు ఇంకో పొరపాటు చేస్తాయి. టీవీ కెమెరా మెయిన్ స్టాండ్ పైన ఉంటుంది, దానికి కనిపించేది ఎదుటి స్టాండ్. కానీ వీఐపీలనూ, పాసులవాళ్లనూ కెమెరా కిందే కూర్చోబెడతారు. ముప్పై వేలు పట్టే చోట మూడు వేల మందిని నాలుగు వైపులా చల్లితే, ఇంట్లో చూసేవాడికి కనబడేది ఖాళీ కుర్చీలే. 'ఎవరూ పోవట్లేదు, మనమెందుకు పోవాలి' అనుకుంటాడు. అదే మూడు వేల మందిని ఎదుటి స్టాండ్‌లో ఒక్కచోట కూర్చోబెడితే టీవీలో నిండుగా కనబడుతుంది, కేకలూ ఒకదానికొకటి తోడవుతాయి.

కిక్-ఆఫ్ ఎక్కువగా రాత్రి ఏడున్నరకు ఉండేది. ఆ వేళకు గచ్చిబౌలి రోడ్ల మీద ఐటీ ఆఫీసులు వదిలిన రద్దీ. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రావాలంటే రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో బ్లూ లైన్‌కు మారి, రాయదుర్గంలో దిగాలి. అక్కడితో మెట్రో అయిపోయింది. మిగిలిన నాలుగైదు కిలోమీటర్లు ఆటోవాడి దయ. మ్యాచ్ అయ్యేసరికి తొమ్మిదిన్నర, పిల్లలతో ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది, అదీ మర్నాడు బడి ఉన్న రోజున.

ఇది తీరని సమస్యేం కాదు. మూడు వేల మందిలో పాతిక శాతం మెట్రోలో వస్తారనుకుంటే 750 మంది. బస్సుకు యాభై మంది చొప్పున పదిహేను ట్రిప్పులు. ఐదు ఆర్టీసీ బస్సులు అద్దెకు తీసుకుంటే రాయదుర్గం నుంచి మూడేసి ట్రిప్పుల్లో అయిపోతుంది, మ్యాచ్ అయ్యాక మళ్లీ మూడేసి. ఆ బస్సుల వేళలు టికెట్ మీదే వేయాలి. పేజీలో పోస్టు పెడితే చాలదు.

గేటు దగ్గర ఇంకో చిక్కు. సోదా చేసి టికెట్ స్కాన్ చేయడానికి మనిషికి ఎనిమిది సెకన్లు పట్టినా, ఒక వరుసలో నిమిషానికి ఏడెనిమిది మందే లోపలికి వెళ్లగలరు. రెండే వరుసలు తెరిస్తే అరగంటకు 450 మంది. మనవాళ్లంతా వచ్చేది ఆఖరి అరగంటలోనే. మిగిలినవాళ్లకు తొలి ఇరవై నిమిషాల ఆట పోయినట్టే. పవర్ బ్యాంకు తేవద్దు, చిల్లర నాణేలు వద్దు, నీళ్ల సీసా వద్దు అని గేటు దగ్గర చెప్తారు, దాచుకునే చోటు మాత్రం చూపించరు. మొదటిసారి వచ్చినవాడు పవర్ బ్యాంకు అక్కడే పారేసి లోపలికెళ్తాడు. రెండోసారి రాడు.

టీవీ పోటీ గురించి అందరూ అంటారు గానీ, అందులో అసలు తమాషా వేరే ఉంది. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లను అక్కడి టీవీల్లో చూపించరు. 2:45 నుంచి 5:15 దాకా ప్రత్యక్ష ప్రసారం మీద నిషేధం. జనం ఇంట్లో కూర్చుంటే చిన్న క్లబ్బుల గేటు వసూళ్లు పోతాయని 1960ల నుంచి పెట్టుకున్న కట్టడి. అవే మ్యాచ్‌లు మనకు మాత్రం ప్రత్యక్షంగా వస్తాయి. అక్టోబర్ చివర్లో వాళ్లు గడియారాలు మార్చే వరకు అక్కడి మధ్యాహ్నం మూడంటే మనకు సరిగ్గా రాత్రి ఏడున్నర. మన లీగ్ కిక్-ఆఫ్ కూడా ఎక్కువగా అదే. వాళ్లు తమ మైదానాలకు కట్టుకున్న గోడ మన మైదానాలకు లేదు. శనివారం ఏడున్నర స్లాట్ వదులుకుని ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆడితే నయం. కానీ వేళ నిర్ణయించేది క్లబ్బు కాదు, ప్రసారకర్త.

ఉచిత పాసులు ఇంకో జబ్బు. కాలేజీలకు కట్టలు కట్టలుగా పంచుతారు. వచ్చేవాళ్లు కొందరే. డబ్బు పెట్టి కొన్నవాడు పక్కన పాసువాణ్ని చూసి, వచ్చే మ్యాచ్‌కు తనూ పాసు కోసమే ఎదురుచూస్తాడు. పెద్దవాళ్ల టికెట్ కొంటే పన్నెండేళ్లలోపు పిల్లలకు ఉచితం అంటే పోయేదేం లేదు. పిల్లాణ్ని తీసుకొచ్చే తండ్రి ఎటూ డబ్బు పెట్టే కొంటాడు.

సీజన్ టికెట్ అమ్ముదామా అంటే, షెడ్యూలే సగం సగం విడుదల చేస్తారు. 2025-26 సీజన్ అయితే లీగ్ నడిపే హక్కుల ఒప్పందం తేలక సెప్టెంబర్ నుంచి 2026 ఫిబ్రవరికి జరిగింది. ఎన్ని మ్యాచ్‌లో, ఎప్పుడో తెలియనిదానికి ఎవరు ముందుగా డబ్బు కడతారు? పైగా చాలా ఏళ్లు కింది లీగ్‌కు పడిపోయే భయం లేకపోవడంతో, ఫిబ్రవరికల్లా అడుగు జట్ల మ్యాచ్‌లకు అర్థమే ఉండేది కాదు.

మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడే కోల్‌కతా డెర్బీకి, కొచ్చిలో కేరళ బ్లాస్టర్స్ మ్యాచ్‌లకు జనం వస్తారంటే అక్కడ వంశపారంపర్యంగా వచ్చిన పిచ్చి ఉంది. దాన్ని మనం కాపీ కొట్టలేం. మనకు పనికొచ్చే పాఠం జంషెడ్‌పూర్‌ది. స్టేడియం ఊరి మధ్యలో ఉంటుంది, ఇల్లు, ఫ్యాక్టరీ, మైదానం అన్నీ నాలుగడుగుల దూరంలోనే.

హైదరాబాద్‌లో ఇప్పుడు సొంత మైదానం ఉన్న క్లబ్ శ్రీనిధి దక్కన్. 2022-23, 2023-24 రెండు సీజన్లలోనూ ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానం. అజీజ్‌నగర్‌లోని వాళ్ల డెక్కన్ ఎరీనాలో 1,500 మంది పడతారు. ట్రాక్ లేదు, కాబట్టి ఆటగాళ్ల అరుపులు కూడా వినబడతాయి. అక్కడ ఆరు వందల మంది కూర్చున్నా సందడిగానే ఉంటుంది. చేయాల్సింది చిన్న పని: మెహదీపట్నం నుంచి చేవెళ్ల రూట్లో తిరిగే బస్సుల వేళలు చూసుకుని, ఆఖరి బస్సుకు గంట ముందే మ్యాచ్ ముగిసేలా కిక్-ఆఫ్ పెట్టుకోవడం, సీజన్ మొత్తం ఆ వేళను మార్చకపోవడం.