పాలపన్ను దొరకలేదు

2024లో భోగి ఆదివారం వచ్చింది. రెండు రోజుల ముందే హైదరాబాద్ నుంచి తెనాలి వచ్చేశాం, అమ్మావాళ్ళింటికి. పాపకి అప్పటికి రెండేళ్ళ మూడు నెలలు. సాయంత్రం భోగిపళ్ళు పోద్దామని అమ్మ రేగిపళ్ళు, చిల్లర, చెరకు ముక్కలు, బంతిపూల రేకలు పళ్ళెంలో కలిపి దేవుడి గదిలో పెట్టింది. నేను లోపల పాప పట్టు లంగా ఇస్త్రీ చేస్తున్నాను. అమ్మ దాన్ని అరుగు మీద ఆడిస్తోంది. ఎవరో కాళ్ళు కడుక్కుని వచ్చిన తడి గ్రానైట్ మీద అలాగే ఉంది. పక్కింటావిడ పిలిస్తే అమ్మ అటు తిరిగింది, అంతే.

పడిన చప్పుడు నాకు వినపడలేదు. ఏడుపు మాత్రం వినపడింది. ఊపిరి బిగబట్టి, కాసేపు గొంతు రాక, ఆ తర్వాత ఒక్కసారిగా బయటికొచ్చే ఏడుపు. పరిగెత్తుకెళ్ళేసరికి గడ్డం మీంచి గౌను మీదికి రక్తం కారుతోంది. అరుగు అంచుకి మూతి కొట్టుకుంది. పెదవి ఎత్తి చూస్తే పైన ముందు రెండు పళ్ళలో కుడివైపుది లేదు. అది ఉండాల్సిన చోట ఎర్రటి గుంత.

"ఒక్క నిమిషం చూసుకోలేకపోయావా అమ్మా?" అని గట్టిగా అరిచాను. అమ్మ నోరెత్తలేదు. కొంగుతో పాప మూతి తుడుస్తూనే ఉంది. ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ బాధపడతాను.

పక్కింటావిడ పసుపు తెచ్చింది. ఇంకెవరో కాఫీ పొడి అద్దమన్నారు. అక్క రెండూ వద్దని చెప్పి, ఉతికిన మెత్తటి గుడ్డ తడిపి పై పెదవి కింద పెట్టి, పది నిమిషాలు కదలకుండా నొక్కి పట్టుకుంది. మధ్యమధ్యలో తీసి చూడొద్దని నన్ను కసిరింది కూడా. రక్తం ఆగింది. మా ఆయన పాప కళ్ళలోకి చూస్తూ, పేరు పెట్టి పిలుస్తూ, స్పృహ తప్పిందా, వాంతి అయిందా, మత్తుగా ఉందా అని గమనిస్తూ కూర్చున్నారు. అవేవీ లేవు. తలకి దెబ్బ తగల్లేదని నమ్మకం కుదిరాక పంటి మీదికి వచ్చింది మా ధ్యాస.

ఊడిన పన్ను పాలలో వేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలని నేను ఎప్పుడో చదివాను. అదే చెప్పాను. దాంతో నాన్న స్టీలు గ్లాసులో పాలు పోసుకుని వచ్చి నిలబడ్డారు. అక్క, తొమ్మిదేళ్ళ వాళ్ళబ్బాయి, ఇద్దరూ ఫోన్లలో టార్చి వేసుకుని వెతికారు. ముగ్గు మీద, తులసికోట చుట్టూ, చెప్పుల స్టాండు కింద, కాలవలో. బియ్యపు పిండి ముగ్గులో తెల్లటి చిన్న పన్ను ఎక్కడ కనపడుతుంది? దొరికిందనుకుని వాడు రెండుసార్లు కేక పెట్టాడు, రెండుసార్లూ చిన్న గులకరాయే. అరగంట అలా గడిచింది. నాన్న గ్లాసు కింద పెట్టలేదు.

భోగి, పైగా ఆదివారం. ఫోన్ చేసిన ప్రతి క్లినిక్కూ మూసే ఉంది. చివరికి ఊళ్ళోనే ఒకరు తీస్తామన్నారు. ఆ డాక్టర్ టార్చి వేసి ఒక్కసారి చూసి, "ఊడిపోయిందమ్మా, మింగేసి ఉంటుంది. పాలపన్నే కదా, ఏడేళ్ళకి కొత్తది వస్తుంది" అన్నారు. ఎక్స్‌రే తీయలేదు. ఒక యాంటీబయాటిక్ సిరప్ రాసి పంపించేశారు. పండగ పూట క్లినిక్ తీసినందుకు ఆయనకి దణ్ణం పెట్టి వచ్చాను. కానీ ఆ రాత్రి పాప నిద్రలో రెండుసార్లు దగ్గింది. మింగిందా, లేక ఊపిరితిత్తుల్లోకి పోయిందా అన్న అనుమానం మొదలైంది. ఇక నిద్ర లేదు. దాని ఛాతీ మీద చెయ్యి వేసి తెల్లవారేదాకా ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను.

తెల్లారితే సంక్రాంతి. అక్క స్నేహితురాలి ద్వారా గుంటూరులో పిల్లల పళ్ళ డాక్టర్ నంబరు దొరికింది. ఆవిడ ఫోన్‌లో ముందు రెండే ప్రశ్నలు అడిగారు. "పన్ను మీ చేతికి దొరికిందా? పాపకి ఆగని దగ్గు, ఆయాసం ఏమైనా ఉన్నాయా?" దొరకలేదు, రాత్రి రెండుసార్లు దగ్గడం తప్ప ఏమీ లేదు అన్నాను. "కంటికి కనపడనంత మాత్రాన ఊడిందని అనుకోకూడదు. తీసుకురండి, ఎక్స్‌రే తీద్దాం" అన్నారు. పండగ రోజు ఆవిడ మా కోసం తాళం తీశారు.

అక్కడ పాపని కుర్చీలో పడుకోబెట్టలేదు. నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, ఆవిడ ఎదురుగా, మా ఇద్దరి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. పాప కాళ్ళు నా నడుముకి అటూ ఇటూ, తల ఆవిడ ఒళ్ళో. చేతులు నేను పట్టుకున్నాను. ఇంత పని అవగానే పాప ఆరున్నొక్క రాగం అందుకుంది. "ఏడవనివ్వండి, నోరు బాగా తెరుస్తుంది, నాకు బాగా కనపడుతుంది" అన్నారు. పై పెదవిని చిగురుకి కలిపే సన్నటి పొర చిరిగిందట. అంత రక్తం దాని వల్లే వచ్చింది, కుట్లు అక్కర్లేదు, దానంతటదే మానుతుందని చెప్పారు. ఎడమవైపు పన్ను వేలితో తాకితే కొద్దిగా ఊగింది. తర్వాత నాకు సీసం ఆప్రాన్ తొడిగి, పాపని నా ఒళ్ళోనే కూర్చోబెట్టుకోమన్నారు. చిన్న పలకలాంటి ఫిల్మ్ నోటికి అందించి, "బిస్కెట్ కొరికినట్టు కొరుకు బంగారం" అన్నారు. మూడోసారికి కొరికింది.

కంప్యూటర్ తెర మీద బొమ్మ వచ్చింది. పన్ను అక్కడే ఉంది.

ఊడలేదు. దెబ్బకి మొత్తంగా చిగురులోకి, పైన ఎముకలోకి దిగబడిపోయింది. మేకు మీద సుత్తి పడితే ఎలా దిగిపోతుందో అలా. మేమంతా నేల మీద టార్చిలు వేసి వెతుకుతుంటే అది పాప నోట్లోనే, మాకు కనపడనంత పైన ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ తెర మీద వేలు పెట్టి చూపించారు. పాలపన్ను వేరు పైన, కాస్త లోపలి వైపుగా, శాశ్వత పన్ను తయారవుతూ ఉంటుంది. దిగబడిన పన్ను ఎక్స్‌రేలో పక్క పన్ను కంటే పొట్టిగా కనపడితే, దాని వేరు కొస పెదవి వైపు పోయినట్టు. పొడుగ్గా కనపడితే లోపల తయారవుతున్న పన్ను వైపు పోయినట్టు. మా పాపది పొట్టిగానే కనపడింది. అది కాస్త మంచి కబురు అన్నారు.

"ఇప్పుడు ఏం చేస్తారు మేడమ్?"

"ఏమీ చేయను. లాగను, కదపను. దానంతటదే మళ్ళీ కిందికి వస్తుంది. ఆరు నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏడాది."

అంత దూరం వెళ్ళింది ఏదో ఒకటి చేయించుకొద్దామని. ఏమీ చేయననడం మింగుడు పడలేదు. మళ్ళీ మళ్ళీ అడిగాను. ఆవిడ విసుక్కోకుండా ప్రతిసారీ అదే చెప్పారు. యాంటీబయాటిక్ కూడా ఇలాంటి దెబ్బకి అవసరం లేదు, ఆపేయండి అన్నారు. టీకాల కార్డు చూసి, 18వ నెలలో ధనుర్వాతానికి కూడా పనిచేసే డీపీటీ బూస్టర్ పడింది కాబట్టి టీటీ ఇంజెక్షన్ కూడా అక్కర్లేదన్నారు. నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే, అదీ బరువు చూసి. ఆ సిరప్‌ల విషయం నాకు అప్పుడే తెలిసింది. 5 మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములది ఒకటి ఉంటుంది, 250ది ఇంకొకటి. మేము హైదరాబాద్ నుంచి తెచ్చింది 250ది, అమ్మ దగ్గరున్నది 125ది. రెండూ ఒకటే అనుకుని మూతతో పోసేదాన్నే.

నాన్న పాల గ్లాసు సంగతి చెబితే ఆవిడ నవ్వలేదు. "మీరు చదివింది నిజమే, కానీ అది శాశ్వత పళ్ళకి" అన్నారు. పాలపన్ను నిజంగా ఊడి చేతికి దొరికినా తిరిగి పెట్టకూడదట, లోపల తయారవుతున్న పన్ను దెబ్బతింటుంది. అక్క కొడుకుని దగ్గరికి పిలిచి, "నీకు పడితే మాత్రం వేరే సంగతి" అని వాడికే నేరుగా చెప్పారు. పైభాగం పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు, రుద్దకూడదు. మట్టి అంటితే పాలతోనో, సెలైన్‌తోనో ఒకసారి కడిగి, అక్కడికక్కడే గుంతలో పెట్టేసి, గుడ్డ కొరికి పట్టుకుని డాక్టర్ దగ్గరికి రావాలి. పెట్టలేకపోతే పాలలో వేసుకుని గంటలోపు రావాలి, ఎంత త్వరగా వస్తే అంత మంచిది. వాడు ఈ మాటలు ఇప్పటికీ పొల్లు పోకుండా అప్పజెబుతాడు.

అమ్మ అప్పటిదాకా మూలన కుర్చీలో కూర్చుంది. లేచి వచ్చి, "నా దగ్గరున్నప్పుడే పడిందమ్మా" అంది డాక్టర్‌తో. "ఒకటి నుంచి మూడేళ్ళలోపు పిల్లలే ఎక్కువగా ఇలా వస్తారండీ. నడక, పరుగు నేర్చుకునే వయసు. మీ దగ్గర కాకపోతే వాళ్ళమ్మ దగ్గర పడేది" అన్నారావిడ. తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మ చెయ్యి పట్టుకున్నాను. నిన్న అన్నదానికి ఏమీ అనుకోకు అన్నాను. "పాప పాలు తాగుతుందేమో చూడు ముందు" అంది.

పాలు ఇంకో గొడవ. పాలసీసా, నోట్లో వేలు, రెండూ మాన్పించమన్నారు, గాయం మీద ఒత్తిడి పడకూడదని. వేలు అలవాటు లేదు. సీసా లేకుండా మాత్రం అది పడుకోదు. మూడు రాత్రులు స్టీలు గ్లాసు చూసి తల తిప్పేసింది. నాలుగో రాత్రి నాన్న దాని గ్లాసుకి తన గ్లాసు తాకించి "చీర్స్" అంటే, తాగేసింది. తిండి రెండు వారాలు మెత్తనివే: పాలలో నానిన ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, చల్లటి పెరుగన్నం. ఇంటి నిండా అరిసెలు, జంతికలు. దానికి కనపడకుండా డబ్బాలు అటక ఎక్కించారు. రోజుకి రెండుసార్లు, వారం రోజులు, ఆల్కహాల్ లేని క్లోర్‌హెక్సిడిన్ మందులో తడిపిన గాజుగుడ్డ వేలికి చుట్టి చిగురు మీద సుతారంగా అద్దేదాన్ని. మొదట్లో ఇద్దరం ఏడ్చేవాళ్ళం. తర్వాత బొమ్మకి ముందు అద్దించుకుని, అప్పుడు నోరు తెరిచేది. "బొమ్మకి అబ్బ, పాపకి అబ్బ" అని.

చూడ్డానికి వచ్చినవాళ్ళ మాటలు తట్టుకోవడమే కష్టమైంది. "అయ్యో, ఆడపిల్ల, ముందు పన్నే పోయిందా" అని ఒకరు. "పాలపన్నే కదా, ఇంత హడావుడి ఎందుకు" అని ఇంకొకరు. రెండు మాటలూ నొప్పి పెట్టాయి. రెండేళ్ళ పిల్ల అందం గురించి నాకు దిగులు లేదు. పాలపన్ను కదా అని వదిలేయడానికీ లేదు, ఎందుకంటే దాని పైన శాశ్వత పన్ను గట్టి పెంకు కట్టుకునేది సరిగ్గా ఈ వయసులోనే. ఆ దెబ్బ తగిలితే రేపు వచ్చే పన్ను మీద తెల్లటివో, పసుపు, గోధుమ రంగువో మచ్చలు ఉండొచ్చని డాక్టర్ ముందే చెప్పారు.

ఎక్స్‌రే కవరు మీద ఆవిడే రాసిచ్చారు: వారం, 6–8 వారాలు, 6 నెలలు, ఏడాది, మళ్ళీ పాపకి ఆరేళ్ళు వచ్చాక. వారం చెకప్ గుంటూరులోనే అయ్యాక హైదరాబాద్ వెళ్ళాం.

ఫిబ్రవరి మొదట్లో ఊగిన ఎడమ పన్ను రంగు మారడం మొదలైంది. ముందు మసక, తర్వాత తడి బూడిద రంగు. ఒక క్లినిక్‌లో చూపిస్తే వెంటనే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలన్నారు. గుంటూరు డాక్టర్‌కి ఫోటో పంపాను. రంగు ఒక్కటే మారితే ఏమీ చేయక్కర్లేదు, చిగురు మీద చీము పొక్కు, వాపు, జ్వరం, కొత్తగా నొప్పి, ఊగడం, ఇవి వస్తే మాత్రం వెంటనే చూపించమన్నారు. అప్పటినుంచి రోజూ పొద్దున బ్రష్ చేయించేటప్పుడు పెదవి ఎత్తి చూడటం నాకు అలవాటైపోయింది. ఆదివారం ఆదివారం కిటికీ దగ్గర ఒకే వెలుతురులో ఫోటో తీసేదాన్ని. కంటికి రోజూ ఒకేలా కనపడేది, ఫోటోలు పక్కపక్కన పెడితేనే తేడా తెలిసేది.

ఐదో వారంలో ఒక పొద్దున, కుడివైపు చిగురులో బియ్యపు గింజ మొనంత తెల్లటి చుక్క. వేలి గోరుతో మెల్లగా తాకి చూశాను. గట్టిగా తగిలింది. అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుని, "ఏదీ, ఏదీ" అంటూనే ఉంది. కనపడ్డాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జులైకి ఆ పన్ను పక్క పన్ను కన్నా రవ్వంత పొట్టిగా వచ్చి ఆగింది. ఎక్స్‌రేలో వేరు బాగానే ఉంది. బూడిద పన్ను కొంచెం తేరుకుంది గానీ పూర్తిగా తెల్లబడలేదు. చిగురు శుభ్రంగా ఉంది. ఎక్స్‌రే కవరు బీరువాలో టీకాల కార్డుతో కలిపి పెట్టాను, ఆరేళ్ళ చెకప్ ఇంకా ఉంది కాబట్టి.

2025 భోగికి మళ్ళీ తెనాలి వెళ్ళాం. నాన్న అరుగు మెట్లకి గరుకు టేపు వేయించారు. అమ్మ గోనెపట్టాలు పరిచింది. ఏడాదిగా అమ్మ పాపని ఎత్తుకుంటుంది, తినిపిస్తుంది, కానీ నేను పక్కన లేకుండా అరుగు మీదికి మాత్రం తీసుకెళ్ళడం మానేసింది. ఆ సాయంత్రం భోగిపళ్ళ పళ్ళెం దేవుడి గదిలో పెట్టి వచ్చాక, పాప చెయ్యి అమ్మ చేతిలో పెట్టి, కాసేపు బయట ఆడించమన్నాను. అమ్మ నా మొహంలోకి చూసింది. నేను పట్టు లంగా ఇస్త్రీ చేయడానికి లోపలికి వెళ్ళాను.