కోతకొచ్చిన చేలు

మాది సైనికుల ఊరిగా పేరున్న మిలిటరీ మాధవరం పక్క ఊరే. తాతయ్య మద్రాస్ రెజిమెంట్‌లో సిపాయి, 1971 యుద్ధంలో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ వైపు వెళ్ళాడు. "వీర మద్రాసి, అడి కొల్లు!" అని రెజిమెంట్ యుద్ధ నినాదం (కొట్టు, చంపు అని) అరుస్తూ ఎలా దూకారో చెప్పమని చిన్నప్పుడు తెగ విసిగించేవాణ్ణి. నవ్వేసి ఊరుకునేవాడు.

నిన్న గట్టు మీద కూర్చుని, వరికంకి నుంచి నాలుగు గింజలు రాల్చి, ఒకటి పంటి కింద కొరికి చూస్తూ తనే అన్నాడు: "అక్కడా ఇలాగే కోతకొచ్చిన చేలేరా. బూట్లతో తొక్కుకుంటూ పోయాం. ఎవడి చేనో, పాపం."

ఎనభై దాటినా బోదె తవ్వితే మట్టంతా ఒకే వైపు, మోకాలెత్తు గోడలా వేస్తాడు. అది యుద్ధంలో దాక్కోడానికి ట్రెంచి తవ్విన అలవాటని నాకు ఇన్నాళ్ళూ తట్టనేలేదు. (ఆ మట్టి మళ్ళీ సర్దలేక నాన్న గొణుక్కోవడం వేరే కథ.)

ఇంకేదో అడగబోయాను. "మబ్బు పట్టింది, కోత మిషనోడికి ఫోన్ చెయ్" అన్నాడు.