పంచాక్షరి తెగకుండా పలకగలుగుతున్నారా?

కైలాస పరిక్రమ మూడు రోజులు, 52 కిలోమీటర్లు. మా బృందంతో వచ్చేవాళ్లకు మేం పదేపదే చెప్పేది మాత్రం రెండో రోజు గురించే. ఆ రోజు, మొదటిరాత్రి బస చేసే డేరాపుక్ నుంచి 5,630 మీటర్ల ఎత్తున్న డోల్మా కనుమ ఎక్కి, అవతలికి దిగాలి. అక్కడి గాలిలో మన తీరంలో అందే ప్రాణవాయువులో సగమే అందుతుంది. రోజూ బీచ్‌లో పరుగెత్తే కుర్రాడినైనా కొండజబ్బు వదలదు. పైగా ఒంట్లో సత్తువ ఉందని గబగబా ఎక్కేస్తాడు కాబట్టి అతనికే ముప్పెక్కువ.

అడుగు మీద అడుగు, రెండడుగులకో శ్వాస. నడుస్తూనే ‘ఓం నమశ్శివాయ’ అనండి. మధ్యలో మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టే, నిలబడిపోండి. చెమట పట్టకముందే పై కోటు విప్పాలి. తడిసిన బనియన్ ఆగిన మరుక్షణం ఒంటిని చల్లబరిచేస్తుంది.

గుర్రమెక్కితే పుణ్యం తగ్గుతుందని పెద్దవాళ్లు మొండికేస్తారు. దయచేసి ఆ పంతం వద్దు. గుర్రాన్ని మొదటిరోజే మాట్లాడుకోండి, నడిదారిలో దొరుకుతుందన్న నమ్మకం లేదు. కనుమ దాటాక దిగుడు నిట్టనిలువు, అక్కడ గుర్రం మీదున్నవాళ్లూ దిగి నడవాల్సిందే. అందుకని మోకాళ్లలో కాస్త బలం దాచుకోండి.

డేరాపుక్ ఎత్తులో నీళ్లు దాదాపు 83 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో పప్పు ఉడకదు, కుక్కర్ ఉండాలి. ఆకలి చచ్చిపోతుంది కాబట్టి ఉప్పేసిన రాగిజావే మేలు. రోజుకు మూడు, నాలుగు లీటర్ల నీళ్లు కొద్దికొద్దిగా తాగాలి. సోమవారమైనా ఉపవాసం వద్దు. కొండజబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర డాక్టరు చెబితేనే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

అసలు నిర్ణయం డేరాపుక్‌లో, రాత్రి పడుకునే ముందు జరగాలి. నేలమీద గీత గీసి, మడమకు వేళ్లు ఆనిస్తూ పదడుగులు వేయిస్తాం. తూలారా, కూర్చున్నా ఆయాసం వస్తోందా, తలనొప్పితోపాటు వాంతులున్నాయా, ఇక పైకి వద్దు. తూలినా, ఆయాసపడినా తెల్లారేదాకా కూడా ఆగకుండా, పరిక్రమ మొదలైన దార్చెన్‌కు దించేయాలి. ఆక్సిజన్ డబ్బా ఆ దిగే కాసేపటికే. కనుమ దాటాక జబ్బు ముదిరితే కష్టం: అవతలి లోయా దాదాపు 5,000 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది, నడక ఇంకా చాలా మిగిలి ఉంటుంది.

గీత మీద తూలకపోయినా తలనొప్పి తగ్గక వెనక్కి మళ్లేవాళ్లను తెల్లవారుజామున బయట కూర్చోబెడతాం. కైలాసం ఉత్తర ముఖం అక్కడ ఎదురుగానే ఉంటుంది. మబ్బు లేకపోతే శిఖరం పసుపు రాసినట్టు వెలుగుతుంది. చేతిలో వేడి జావ గ్లాసు ఉంచి, తనివితీరా చూడనిచ్చి, అప్పుడు కిందికి బయల్దేరదీస్తాం.