లైబ్రరీ బోర్డు మీద లేని చుక్క

మా పేట లైబ్రరీ బోర్డు రాసింది నేనే. 1995లో. రేకు మీద నీలం గ్రౌండు, తెల్ల అక్షరాలు, కుడివైపు కింది మూలలో వేలెడంత నా సంతకం. ఆ బోర్డు కింద నుంచి మొదట సైకిలు మీద, తర్వాత లూనా మీద, ఇప్పుడు మోకాళ్ల పుణ్యమాని నడిచి, దగ్గర దగ్గర ముప్ఫై ఏళ్లు తిరిగాను. లోపలికి మాత్రం ఒక్కసారే వెళ్లాను. అదీ బోర్డు తాలూకు బాకీ నలభై రూపాయల కోసం.

ఇంటిపన్ను రశీదులో గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి లైబ్రరీల చట్టంతో వచ్చింది. అన్నేళ్లూ అది కట్టినవాణ్ణి ఒక్క పుస్తకం కూడా తెరవలేదు. సినిమాకి టిక్కెట్టు కొని హాలు బయట నిలబడ్డట్టే అయింది.

మొన్న వేసవికి ముందు లైబ్రేరియన్ మేడమ్ గారు మా షాపుకి వచ్చారు. పిల్లలకి వేసవి శిబిరం పెడుతున్నారట, దానికి ఫ్లెక్సీ కావాలన్నారు. ఇప్పుడు షాపు మా అబ్బాయిది. కంప్యూటరు ముందు వాడు కూర్చుంటాడు, వెనకాల స్టూలు మీద నేను కూర్చుంటాను. ఆవిడ చూపు గూట్లో ఉన్న నా పాత బ్రష్షుల డబ్బా మీద పడింది.

"ఇవి ఎవరివండీ?"

"నావేనమ్మా. మీ బోర్డు కూడా వాటితోనే రాశాను."

ఆవిడ ఫ్లెక్సీ సంగతి మర్చిపోయారు. శిబిరంలో రోజూ ఉదయం పూట కథలు, పాటలు, బొమ్మలు ఉంటాయి, మన ఊరి కళాకారుల్ని ఒక్కొక్కరినీ పిలుస్తున్నాం, మీరూ వచ్చి పిల్లలకి అక్షరాలు నేర్పండి అన్నారు. నాకు నవ్వొచ్చింది. నేను కళాకారుణ్ణేటి! చదివింది ఏడో తరగతి. అక్షరాలు బడిలో నేర్పుతారు కదమ్మా అన్నాను.

"బడిలో రాయడం నేర్పుతారండీ. మీరు గియ్యడం నేర్పండి."

ఆ మాట పట్టుకుని ఆ రాత్రంతా పడుకోలేదు. టెన్షన్. నిచ్చెన మీద నాలుగు గంటలు నిలబడమంటే నిలబడతాను గానీ, ముప్ఫై మంది గుంటల ముందు మాట్లాడమంటే ఎలా?

నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. పదమూడో ఏట మా విజయనగరం గంటస్తంభం దగ్గర మా గురువు గారి షాపులో చేరాను. మొదటి ఆరు నెలలూ బ్రష్షు ముట్టనివ్వలేదు. రేకుకి గరుకు కాగితం పట్టడం, రెడ్ ఆక్సైడ్ పూయడం, సుద్దపొడి రాసిన దారాన్ని రెండు కొసలా బిగపట్టి మధ్యలో లాగి వదిలి గీత కొట్టడం, అంతే. తర్వాత సినిమా హాళ్ల బ్యానర్లు, ఎరువుల కంపెనీల గోడలు. ఎలక్షన్లొస్తే మాకు సంక్రాంతి. ఒకే గోడకి పొద్దున ఒక పార్టీ గుర్తు వేసి, సాయంత్రం సున్నం కొట్టి ఇంకో పార్టీ గుర్తు వేసిన రోజులు కూడా ఉన్నాయి. గోడలు పాడుచేయకూడదని 1997లో చట్టం వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకే ఫ్లెక్సీ దిగింది. నేను రెండు రోజులు రాసే బోర్డుని మిషను పది నిమిషాల్లో ఉమ్మేస్తుంది. 2022లో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఆశ పుట్టి, బ్రష్షులన్నీ కిరసనాయిలులో నానబెట్టి కడిగాను. మా అబ్బాయి ఏమీ అనలేదు. పది రోజులాగి కొత్త ఫ్లెక్సీ రోలు దింపుకున్నాడు. వాణ్ణి తప్పు పట్టను, ఇల్లు దాని మీదే నడుస్తోంది.

సరే, శిబిరం. చాపల మీద కూర్చున్న పిల్లలకి మొదట సున్న గియ్యమన్నాను. నవ్వారు. మా గురువు గారు కూడా నాకు వారం రోజులు సున్నలే పెట్టించారు. తెలుగు బోర్డంటే ముప్పాతిక వంతు సున్నలే. ఇంగ్లీషు బోర్డు స్కేలు పెట్టి రాసేయొచ్చు, మన అక్షరానికి మణికట్టు తిరగాలి. గుండ్రంగా, తల దగ్గర కొంచెం సందు వదిలి, పైన తలకట్టు పెడితే ర. దాని కడుపులో చుక్క పెడితే ఠ. వ గీసి చివర తోక పైకి తిప్పితే మ. పిల్లలు తలకట్టుని టిక్కు మార్కు అంటున్నారు. అననివ్వండి, చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ టిక్కు మార్కు గీసినంత వేగంగా గీస్తే అక్షరం తల వంకరపోతుంది.

రెండో రోజు జాగా గురించి చెప్పాను. తెలుగు లైను రాయాలంటే మూడు పట్టీలు గీసుకోవాలి. నడుమ అక్షరం, పైన గుడులూ ఏత్వాలూ, కింద ఒత్తులు. బోర్డు పనిలో కొత్తవాడు ఎప్పుడూ ఒత్తు దగ్గరే దొరికిపోతాడు. పైలైను బ్రహ్మాండంగా రాసేస్తాడు, కిందిలైనులో గుడి పెట్టబోతే అప్పటికే పైలైను ఒత్తు అక్కడ కాళ్లు చాపుకుని ఉంటుంది. అందుకే ముందు కాగితం మీద ఏ అక్షరానికి ఏ ఒత్తుందో లెక్కపెట్టుకుని, అప్పుడు రేకు మీద దారం కొట్టాలి. ఈ సంగతి పిల్లల కంటే మేడమ్ గారే ఎక్కువ శ్రద్ధగా విన్నారు. పిల్లలకి దారం పిర్రుమని తగిలి సుద్దగీత పడటమే పెద్ద వినోదం. ఆ రోజు లైబ్రరీ నేలంతా గీతలే.

మూడో రోజు ద గీయించాను. దాని కింద చిన్న గీత పెడితే ధ. ఆ ధ కడుపులో చుక్క పెడితే థ. ఇదంతా బాగా చెప్పానని నాకే అనిపించింది. ఆ ఊపులో, "బయటికెళ్లి మన లైబ్రరీ బోర్డు చూసి, అలాగే కాగితం మీద గీసుకురండి" అని పంపాను. నా పనితనం చూస్తారని లోపల కొంచెం గర్వం కూడా ఉంది, దాచడమెందుకు.

అందరూ గీసుకొచ్చారు. ఏడో తరగతి పిల్ల ఒకర్తి మాత్రం కాగితం ఇవ్వకుండా నిలబడింది.

"తాతగారూ, మీరు చెప్పిన చుక్క బోర్డు మీద లేదేటి?"

"ఏ చుక్క?"

"గ్రంథాలయంలో థ కదా ఉండాలి? మీరు ధ రాశారు."

చుక్క పెట్టే అక్షరం ఏదో నాకు తెలుసు. ఆ మాటలో ఆ అక్షరం ఉంటుందని తెలీదు. బోర్డు రాసేవాళ్లకి ఎప్పుడూ ఒకే సాకు ఉంటుంది, 'కాగితంలో అలాగే ఇచ్చారండి' అని. నోటి దాకా వచ్చింది గానీ ఆ పిల్ల ముందు అనలేకపోయాను. మేడమ్ గారు నిఘంటువు తెచ్చి బల్ల మీద పరిచారు. గ్రంథము. చుక్కతోనే ఉంది. "నాలుగేళ్లుగా రోజుకి రెండుసార్లు ఈ బోర్డు కిందే తాళం తీస్తున్నాను, నేనూ చూడలేదండీ" అన్నారావిడ. నన్ను ఊరుకోబెట్టడానికి అన్నారో, నిజంగా చూడలేదో.

ఆ పూటే నిచ్చెన తెప్పించాను. పిల్లలు కింద పట్టుకున్నారు. ఆరో నంబరు బ్రష్షు, ఒక్క బొట్టు తెల్ల రంగు. నా చేయి వణకడం అరవై దాటాక మొదలైంది గానీ ఆ రోజు వణికింది వయసు వల్ల కాదు. చుక్క పెట్టి దిగి చూస్తే, ఎండకీ వానకీ పాత తెలుపు మజ్జిగ రంగులోకి తిరిగిపోయింది, నా చుక్క ఒక్కటే కొత్త చొక్కా తొడుక్కున్నట్టు మెరుస్తోంది. దాన్ని కొంచెం పసుపు కలిపి పాతదానికి మ్యాచ్ చేయొచ్చు, ఆ విద్య నాకు తెలుసు. వద్దన్నారు పిల్లలు. ఇప్పటికీ అలాగే ఉంది, వెళ్తే చూడండి.

(ఇది ఫోన్లో నోటితో చెప్పి టైపు చేస్తున్నాను. ఈ ఫోను ఒక్కసారి కూడా గ్రంథాలయం తప్పు రాయలేదు. దీనికి గురువెవరో.)

ఆ తర్వాత శిబిరం అయ్యేదాకా రోజూ వెళ్లాను, నేర్పడానికి కాదు, వెనక బెంచీ మీద కూర్చోవడానికి. తప్పెటగుళ్లు ఆడే పెద్దాయన ఒకాయన వచ్చారు. గుండెల మీద వేలాడే ఆ గుండ్రటి రేకు తప్పెటని రెండు చేతులా వాయిస్తూ గెంతుతుంటే, పక్క గదిలో గ్రూప్స్ పరీక్షకి చదువుకుంటున్న కుర్రాళ్లు పుస్తకాలు మూసి వచ్చేశారు. వాళ్లలో ఒకడు మాత్రం ఇది లైబ్రరీయా, సంతా అని సణిగాడు. వాడి బాధా న్యాయమే, పరీక్ష దగ్గర పడింది పాపం. మర్నాటి నుంచి చప్పుడు చేసేవన్నీ వెనక వరండాలోకి మార్చారు.

మన సంగీత కళాశాల విద్యార్థులు ఇద్దరు వచ్చి వయొలిన్ వాయించారు. 1919లో పెట్టిన కళాశాల అది, మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల చదివింది కూడా అక్కడే. ఈ సంగతులు మా ఊళ్లో ఎవర్ని లేపి అడిగినా చెబుతారు. నేనూ చెప్పేవాణ్ణి. వయొలిన్ ఇంత దగ్గర నుంచి వినడం మాత్రం నాకు అదే మొదలు.

నన్ను కదలనివ్వకుండా చేసింది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి నుంచి వచ్చిన వీణల పనివాడు. ఒకే పనస దుంగని తొలిచి, నాదం పలికే గుండ్రటి కుండా, పొడుగాటి దండీ కలిపి చేస్తారు, అతుకుండదు. దాన్ని ఏకాండి వీణ అంటారు. సగం చెక్కిన కుండ ఒకటి తెచ్చి పిల్లల మధ్య పెట్టాడు. వాళ్లు పాట పాడమన్నారు. నేను వెళ్లి లోపలివైపు వేలు పెట్టి తడిమాను. బయట నునుపు అందరూ చూస్తారు, లోపల ఉలి గాట్లు ఎంత వరసగా ఉన్నాయో! ఎవరూ చూడని చోట కూడా అంత శుభ్రంగా ఎందుకు అని అడిగితే, "లోపల గోడ మందం తేడా వస్తే నాదం పాడైపోద్ది బాబూ" అన్నాడు. అలంకారమేమో అనుకున్నాను, కాదన్నమాట. ఇద్దరం చాలాసేపు పనిముట్ల గురించి మాట్లాడుకున్నాం. భోజనానికి ఇంటికి తీసుకెళ్లాను.

బడులు తెరిచాక శిబిరం అయిపోయింది గానీ నాకు అలవాటు పోలేదు. డిపాజిట్టు కట్టి కార్డు తీసుకున్నాను. సాయంత్రం నాలుగింటికి తలుపు తీస్తారు, అప్పటికే గేటు దగ్గర ముగ్గురం నలుగురం ఉంటాం. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు ఏం చేయాలో తోచదు. కళల అలమరలో చేతికి తెలిసినదే ఉంది, అందుకని చరిత్ర అలమర దగ్గరికి వెళ్లాను. అక్కడ లిపి మీద ఒక పుస్తకం, దాన్లో ఒక పట్టిక దొరికింది. ఒక్కొక్క అక్షరం శతాబ్దం శతాబ్దానికీ ఎలా మారిందో వరసగా గీశారు. నలభై ఏళ్లకు పైగా నేను గీసిన క ఒకప్పుడు ఉట్టి కూడిక గుర్తులా ఉండేదట. కన్నడం వాళ్ల అక్షరాలూ మనవీ ఒకప్పుడు ఒకటే. ఇప్పటికీ వాళ్లది తల మీద అడ్డగీతలా ఉంటుంది, మనది టిక్కు. తాటాకు మీద గంటంతో అడ్డగీతలు లాగితే ఆకు చీలుతుంది కాబట్టి అక్షరాలు గుండ్రమయ్యాయని చెబుతారు. అంటే మా గురువు గారు నా చేత వారం రోజులు సున్నలు పెట్టించింది తాటాకు వల్ల!

ఆ పట్టిక జిరాక్సు తీయించుకుని, శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం వెళ్లాను. వంశధార ఒడ్డున ఆ గుడికి మేము శివరాత్రులకి ఎన్నోసార్లు వెళ్లాం, క్యూలో నిలబడటమే తప్ప రాళ్ల వంక చూసింది లేదు. ఈసారి శాసనాల ముందు అద్దాలు పెట్టుకుని గంట సేపు నిలబడ్డాను. కాగితం చూసి, రాయి చూసి, నాలుగు అక్షరాలు పట్టుకున్నాను. మాటలు కూడలేదు. కానీ చెక్కినవాడు లైను కొట్టుకునే చెక్కాడని మాత్రం తెలిసిపోయింది. ఒక చోట చివరికొచ్చేసరికి జాగా చాలక అక్షరాలు ఇరికించాడు. నవ్వొచ్చింది. ఆ తప్పు నేనెన్నిసార్లు చేశానో. మా ఆవిడ వచ్చి, "దేవుడు లోపలున్నాడు, ఇక్కడ రాతికి దండం పెడతారేటి" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

ఇప్పుడు ఒక కొత్త పని తగిలించుకున్నాను. ఊళ్లో ఇంకా మిగిలిన నా పాత బోర్డులెన్నో లెక్క తీస్తే పదకొండు తేలాయి. వాటిలో మూడింటికి చుక్క లేదు. ఒకటి 'కథ' అన్న మాటలో, రెండు మనుషుల పేర్లలో. నాథ అని ఉండాల్సిన చోట నాధ అని రాసి ఇచ్చాను. వాళ్లు ఇన్నేళ్లూ దానికిందే కూర్చుని వ్యాపారం చేసుకున్నారు.

మొన్న ఆదివారం ఒక కిరాణా కొట్టుకి చిన్న డబ్బా, బ్రష్షు పట్టుకుని వెళ్లాను. యజమాని పోయాడు, కొడుకు కూర్చున్నాడు. మీ బోర్డుకి ఒక చుక్క పెట్టాలి బాబూ, డబ్బులేమీ వద్దు అన్నాను. అతను లేచి బోర్డు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

"దిష్టి చుక్కేనా మాస్టారూ? పెట్టండి పెట్టండి. ఎదురుగా సూపర్ మార్కెట్ పెట్టిన కాణ్ణుంచీ బేరాల్లేవు. కొంచెం పెద్దదే పెట్టండి."