పొరల మధ్య గీతల దగ్గరే అసలు కథంతా

ఏ పెద్ద సిస్టమ్ గురించి మాట్లాడాలన్నా మనం ముందు బోర్డు మీద నాలుగైదు పెట్టెలు ఒకదాని మీద ఒకటి గీస్తాం. కింద హార్డ్‌వేర్, దాని మీద నెట్‌వర్క్, ఆపైన డేటాబేస్, ఇంకా పైన అప్లికేషన్, అన్నిటికన్నా పైన దాన్ని వాడే మనిషి. ఈ బొమ్మంటే నాకు చాలా గౌరవం. లక్షల విడిభాగాలున్న దాన్ని ఒక మనిషి బుర్రలో పట్టించాలంటే ఇలా పొరలు పొరలుగా చూడక తప్పదు. కానీ నా పనంతా నెట్‌వర్కులు, సర్వర్లతోనే కాబట్టి నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. పెట్టెల్లో ఏం రాయాలా అని గంటలు గంటలు చర్చిస్తాం గానీ, పెట్టెకీ పెట్టెకీ మధ్య ఉన్న గీత మీద ఏమీ రాయం. కింది పొర పై పొరకి ఏం మాట ఇస్తోంది, ఏం దాచిపెడుతోంది, ఇచ్చిన మాట తప్పితే పైవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఇవన్నీ ఆ గీత మీద ఉండాలి. రోజుల తరబడి అంతు చిక్కని సమస్యలు దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతాయి.

ఈ పద్ధతి బాగా పనిచేసిన చోట ఎందుకు పనిచేసిందో చూడండి. 1984లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ, నెట్‌వర్క్ పనిని ఏడు పొరలుగా విడగొట్టే ఓఎస్ఐ మోడల్‌ని ప్రమాణంగా ప్రకటించింది. దాని కోసం తయారైన ప్రోటోకాల్స్‌లో (కంప్యూటర్లు మాట్లాడుకునే నియమాల్లో) చాలావరకు వాడుకలో నిలవలేదు, ఇంటర్నెట్ టీసీపీ, ఐపీ అనే వేరే ప్రోటోకాల్స్ మీదే పెరిగింది. అయినా "అది లేయర్ 2 ప్రాబ్లమ్, మాది కాదు" (అంటే కింది నుంచి రెండో పొరది) అనే మాట నెట్‌వర్క్ టీముల్లో ఈ రోజుకీ వినిపిస్తుంది. 1981లో ప్రమాణంగా రాసిన ఐపీ తన పై పొరకి ఇచ్చే మాట చాలా చిన్నది: ఈ ప్యాకెట్‌ని (డేటా ముక్కని) ఆ అడ్రస్‌కి చేర్చడానికి నా వంతు ప్రయత్నం చేస్తాను. అంతే. చేరుతుందని హామీ లేదు, పంపిన వరసలోనే వెళ్తుందని లేదు, ఒకే ప్యాకెట్ రెండుసార్లు చేరదని కూడా లేదు. మాట ఇంత చిన్నది కాబట్టే రాగితీగైనా, ఫైబరైనా, ఉపగ్రహమైనా, వైఫై అయినా దాన్ని నిలబెట్టుకోగలిగాయి. నమ్మకంగా, వరస తప్పకుండా అందించే బరువంతా దాని పై పొర అయిన టీసీపీ మోసింది. 1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కి ముందుతరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్ మొత్తం వీటికి మారింది. అప్పటినుంచి కింద తీగల వేగం ఎన్ని రెట్లు పెరిగినా, పైన వెబ్ దగ్గర్నుంచి వీడియో కాల్స్ దాకా ఏమేం వచ్చినా ఆ మాట మాత్రం అలాగే ఉంది.

అది ఇచ్చిన మాట సంగతి. ఇక దాచిపెట్టినదాని సంగతి. ఒక ఉదాహరణ: వీపీఎన్ (ఇంకో నెట్‌వర్క్‌కి రహస్య దారి వేసే సాధనం) కనెక్ట్ అవుతుంది, పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందా అని చూసే చిన్న పరీక్ష) వెళ్తుంది, దూరంగా ఉన్న యంత్రంలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్‌లో లాగిన్ కూడా అవుతుంది, కానీ ఫైళ్లు చాలా ఉన్న డైరెక్టరీలో లిస్టు అడగ్గానే స్క్రీన్ బిగుసుకుపోతుంది. కొన్ని వెబ్ పేజీలు వెంటనే వస్తాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి. నెట్‌వర్క్ వాళ్లు పింగ్ చూపించి మా వైపు అంతా బాగానే ఉందంటారు, అప్లికేషన్ వాళ్లు లాగ్‌లో ఎర్రర్ ఏమీ లేదు కాబట్టి మా వైపూ బాగానే ఉందంటారు, చిత్రమేంటంటే ఇద్దరూ చెప్పేది నిజమే. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ సైజు మామూలుగా 1500 బైట్లు దాటకూడదు. టన్నెల్, అంటే వీపీఎన్ వేసే ఆ దారి, తన హెడర్లు (ప్యాకెట్ ముందుండే చిరునామా లాంటి వివరాలు) కూడా దానికి తగిలిస్తుంది కాబట్టి లోపల మిగిలే చోటు తగ్గుతుంది, వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌లో సాధారణంగా 1420 పెడతారు. దారిలో ఏదో రూటర్ దగ్గరికి పట్టనంత పెద్ద ప్యాకెట్ వస్తే ఆ రూటర్ "ఇది పట్టదు, ఇంత సైజులో పంపు" అని ఐసీఎంపీ (నెట్‌వర్క్ తన సమస్యలు చెప్పుకునే ప్రోటోకాల్) మెసేజ్ వెనక్కి పంపాలి. 1990లో వచ్చిన, దారిలో పట్టే గరిష్ఠ ప్యాకెట్ సైజు కనుక్కునే పాత్ ఎంటీయూ డిస్కవరీ పద్ధతి మొత్తం ఆ మెసేజ్ మీదే ఆధారపడింది. భద్రత పేరు చెప్పి ఐసీఎంపీని పూర్తిగా ఫైర్‌వాల్‌లో ఆపేసేవాళ్లు చాలామంది. అప్పుడు పెద్ద ప్యాకెట్ దారిలోనే మాయమవుతుంది, పంపినవాళ్లకి కబురు రాదు, టీసీపీ అదే సైజులో మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. లినక్స్‌లో మామూలు పింగ్ ప్యాకెట్ మొత్తం కలిపి 84 బైట్లే కాబట్టి దానికి ఏ అడ్డూ ఉండదు, హాయిగా వెళ్లొస్తుంది.

అందుకే ఇలాంటి చోట నేను ముందు చేసేది, ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి 1472 సైజుతో పింగ్ కొట్టడం. ఐపీ, ఐసీఎంపీ హెడర్లు 28 కలిపితే సరిగ్గా 1500 అవుతుంది. అది పోకపోతే సైజు తగ్గించుకుంటూ వస్తే ఎక్కడ ఆగిందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. దీనికి అందరూ వాడే మందు కూడా గమనించాల్సిందే: టీసీపీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు మధ్యలో ఉన్న రూటర్ ఆ హెడర్‌లోకి చెయ్యి పెట్టి, రెండు వైపులా చెప్పుకునే గరిష్ఠ సైజుని తగ్గించేస్తుంది. బొమ్మ ప్రకారం రూటర్‌కి టీసీపీ హెడర్‌తో పనే లేదు. పొరల నియమం దాటితే గానీ పొరలు నిలబడని సందర్భాలు ఇలా ఉంటాయి. దాటడం తప్పని నేను అనను, దాటిన చోట గీత మీద ఆ సంగతి రాసిపెట్టమంటాను, ఎందుకంటే మనం పెట్టిన ఆ సెట్టింగ్ అక్కడ ఎందుకుందో తర్వాత వచ్చేవాళ్లకి తెలియదు.

రాయకుండా వదిలేసిన ఊహలు ఇంకా ప్రమాదం. 1986 అక్టోబర్‌లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ అక్కడికి 400 గజాల దూరంలో ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య డేటా వేగం సెకనుకి 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. కిలోబిట్లు కాదు, బిట్లు. ఏ తీగా తెగలేదు. లింకు నిండిపోయి ప్యాకెట్లు పోతుంటే, పోయినవాటిని ప్రతి కంప్యూటరూ వెంటవెంటనే మళ్లీ పంపడం, దాంతో లింకు ఇంకా నిండిపోవడం. 1988లో ఆ ల్యాబ్‌కి చెందిన వాన్ జేకబ్సన్ చూపించిన పరిష్కారం ఏంటంటే, ప్యాకెట్ పోయిందంటే దారి రద్దీగా ఉందని అర్థం, వేగం బాగా తగ్గించి మెల్లగా పెంచుకుంటూ రావాలి. చిన్న మార్పే, ఇంటర్నెట్‌ని నిలబెట్టింది. అయితే అందులో కింది పొర గురించి ఒక ఊహ ఉంది, ప్యాకెట్ పోవడానికి కారణం రద్దీయేనని. తీగల్లో అది దాదాపు నిజం. రేడియో సిగ్నల్‌లో గాలిలో ఏ అంతరాయం వచ్చినా ప్యాకెట్ పోతుంది, రద్దీ ఏమీ లేకపోయినా టీసీపీ బ్రేక్ వేస్తుంది. అందుకే వైఫై, పోయిన ఫ్రేమ్‌లని (తన పొరలో ప్యాకెట్లని మోసే ముక్కలని) తన పొరలోనే మళ్లీ పంపి, పైవాళ్లకి చాలావరకు తెలియకుండా చూసుకుంటుంది. అలా దాచినందుకు ఆలస్యం ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ అవుతుంది. కింద దాచింది పైన ఇంకో రూపంలో బయటపడుతూనే ఉంటుంది.

కింది పొర మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలన్న ప్రశ్నకి నాకు బాగా నచ్చిన జవాబు ఎంఐటీకి చెందిన సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984లో ప్రచురించిన పేపర్‌లో ఉంది. అక్కడి నెట్‌వర్క్‌లో ప్రతి అంచెలోనూ చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో పట్టించే లెక్క) ఉండేది, కాబట్టి డేటా చెడిపోదని ప్రోగ్రాములు రాసేవాళ్లు నమ్మారు. కానీ నెట్‌వర్కులని కలిపే ఒక గేట్‌వే కంప్యూటర్‌లో లోపం వచ్చి, లోపల ఒక బఫర్ (డేటాని కాసేపు దాచే చోటు) నుంచి ఇంకో బఫర్‌కి కాపీ చేసేటప్పుడు దాదాపు పది లక్షల బైట్లకి ఒకసారి పక్కపక్క బైట్లు తారుమారయ్యేవి. చెక్‌సమ్ కాపలా కాసేది తీగలకి, తప్పు జరిగేది యంత్రం కడుపులో. చివరికి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ ఫైళ్లు కొన్ని చెడిపోయి, పాత ప్రింటవుట్లు పెట్టుకుని మనుషులు పోల్చి సరిచేయాల్సి వచ్చింది. ఆ పేపర్ వాదన సూటిగా ఉంటుంది: ఫైల్ సరిగ్గా చేరిందా లేదా అన్నది రెండు చివర్లలో ఉన్నవాళ్లే పూర్తిగా తేల్చగలరు, మధ్యలో చేసే తనిఖీలు వేగం కోసం పనికొస్తాయి గానీ ఆ బాధ్యతని తీసేయలేవు. బ్యాకప్ జాబ్ "సక్సెస్" అని చూపించింది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అనుకునేవాళ్లకి నేను చెప్పేదీ ఇదే, ఒకసారి రీస్టోర్ చేసి చూడండి.

రక్షణ కోసం పెట్టే పొరలు ఇంకో రకం, వీటిని పై బొమ్మతో కలిపేయకూడదు. మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ పేరుతో చెప్పుకునే స్విస్ చీజ్ మోడల్ ఇదే. ప్రతి రక్షణ పొరలోనూ రంధ్రాలుంటాయి, అవన్నీ ఒకే వరసలోకి వచ్చినప్పుడు ప్రమాదం జరుగుతుంది. వినగానే ఎన్ని పొరలుంటే అంత భద్రం అనిపిస్తుంది, కానీ అది ఆ పొరలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉన్నప్పుడే నిజం. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది. మెయింటెనెన్స్‌లో భాగంగా, డేటా సెంటర్లని కలిపే బ్యాక్‌బోన్ సామర్థ్యం చూడటానికి ఇచ్చిన కమాండ్ బ్యాక్‌బోన్ కనెక్షన్లన్నిటినీ పడగొట్టింది, అలాంటి కమాండ్‌ని ఆపాల్సిన తనిఖీ టూల్‌లో బగ్ ఉండటంతో అది ఆపలేదు. డేటా సెంటర్లతో మాట్లాడలేకపోతే తమ రూట్లని (తమ దగ్గరికి దారి ఇదని ఇంటర్నెట్‌కి చెప్పే ప్రకటనల్ని) వెనక్కి తీసుకోవాలని డీఎన్ఎస్ సర్వర్లకి ముందే చెప్పి ఉంది, అవి చెప్పినట్టే చేశాయి. దాంతో పేరు అడిగితే అడ్రస్ చెప్పేవాళ్లు లేకుండా పోయారు. ఇంజినీర్లు సరిచేయడానికి వాడే లోపలి టూల్స్ కూడా అదే డీఎన్ఎస్ మీద ఆధారపడ్డాయి. బొమ్మలో అన్నిటికన్నా పైన ఉండే టూల్స్, నిజానికి అన్నిటికన్నా కింద ఉండే నెట్‌వర్క్‌ని బాగుచేయడానికి కావాలి. పొరల బొమ్మ ఇలాంటి చుట్టుబాణాన్ని చూపించదు, బాణాలన్నీ కిందికే అనుకుంటుంది. కాబట్టి ఏ సిస్టమ్‌లోనైనా నేను తప్పకుండా అడిగే ప్రశ్న: ఇది పూర్తిగా పడిపోతే, దీన్ని లేపడానికి కావాల్సినవాటిలో దీని మీదే నడిచేవి ఎన్ని? లాగిన్, మానిటరింగ్, పాస్‌వర్డులు దాచిన చోటు, చివరికి టీమ్ చాట్ కూడా.

పొరలు శాశ్వతం అని కూడా అనుకోవద్దు. టీసీపీ ఒకసారి, దాని మీద టీఎల్ఎస్ (డేటాని రహస్యంగా ఉంచే పొర) ఇంకోసారి విడివిడిగా పలకరించుకోవడం వల్ల పోయే సమయాన్ని మిగల్చడానికి క్విక్ అనే ప్రోటోకాల్ ఆ రెండిటినీ కలిపేసింది, 2021 మే నెలలో ప్రమాణం అయింది. అయినా అది యూడీపీ (టీసీపీలా హామీలు ఇవ్వని తేలికైన పాత ప్రోటోకాల్) మీదే నడుస్తుంది, ఎందుకంటే దారిలో ఉన్న చాలా పరికరాలు టీసీపీ, యూడీపీ తప్ప వేరేదాన్ని ముందుకి పోనివ్వవు.

ఇక నేను పట్టుబట్టే విషయం రీట్రైలు, అంటే ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించడం. ఒక రిక్వెస్ట్ మూడు పొరలు దాటి డేటాబేస్‌కి చేరుతుంది అనుకోండి. ఫెయిలైతే మొత్తం మూడుసార్లు ప్రయత్నిద్దాం అని ఏ పొరకి ఆ పొర పెట్టుకుంటుంది, విడిగా చూస్తే ప్రతిదీ సబబే, కోడ్ రివ్యూలో ఎవరూ కాదనరు. డేటాబేస్ మీద పడేది మాత్రం 3 ఇంటూ 3 ఇంటూ 3, ఒక్క యూజర్ క్లిక్‌కి 27. ఇంకో పొర కలిస్తే 81. అదీ డేటాబేస్ అప్పటికే ఆయాసపడుతున్న సమయంలో. 1986లో జరిగిందీ దాదాపు ఇదే, పొర ఒక్కటే తేడా. ఏ టీమ్ పెట్టె లోపల చూసినా ఈ 27 కనిపించదు, గీతలన్నీ కలిపి చదివితేనే కనిపిస్తుంది. అందుకే రీట్రై ఒక్క పొరలోనే ఉండాలి, వీలైతే పై అంచుకి దగ్గరగా ఉన్నదాంట్లో, మిగతావి వచ్చిన ఎర్రర్‌ని ఉన్నదున్నట్టు పైకి చెప్పాలి. యూజర్ ఇంకా ఎన్ని సెకన్లు ఆగగలరో ఆ గడువు కూడా రిక్వెస్ట్‌తోపాటు కిందిదాకా వెళ్లాలి, లేకపోతే ఎప్పుడో విండో మూసేసిన మనిషి కోసం డేటాబేస్ క్వెరీ నడుపుతూనే ఉంటుంది. కింది పొర "పాడయ్యాను" అనడానికీ "బతికే ఉన్నాను, కాస్త ఆగు" అనడానికీ తేడా చెప్పగలగాలి. వెబ్ ప్రోటోకాల్ హెచ్‌టీటీపీలో 503 (ఇప్పుడు సేవ అందించలేను) అనే కోడ్‌తోపాటు, ఎంతసేపు ఆగాలో చెప్పే రీట్రై-ఆఫ్టర్ హెడర్ పంపే వీలు దీనికోసమే ఉంది. కానీ కోడ్ చూడటం మొదలుపెడితే, ఆ హెడర్ పంపే సర్వర్లూ తక్కువే, వచ్చినా దాన్ని చదివి ఆగే క్లయింట్లూ తక్కువే.